జువైనల్ హోమ్ నుంచి పిల్లాడు ఇంటికొస్తున్నాడా? ఇంట్లోవాళ్లు చేయాల్సినవి, మానాల్సినవి

విడుదల తేదీ తెలిసిన దగ్గర్నుంచి ఇంట్లో అందరికీ ఒకటే ధ్యాస, వాడు గేటు దాటి బయటికొస్తే చాలు గండం గట్టెక్కినట్టే అని. చాలా ఇళ్లలో అసలు గొడవ మొదలయ్యేది మాత్రం మొదటి నాలుగు రోజుల సంబరం అయిపోయాక. వాడు గదిలోంచి బయటికి రాడు, పిలిస్తే పలకడు, చిన్న మాటకే గయ్యిమంటాడు, రాత్రంతా మేలుకుని పగలంతా పడుకుంటాడు. అమ్మ ఏడుస్తుంది, నాన్న "ఇంత జరిగినా బుద్ధి రాలేదు" అంటాడు, ఆ మాటతో వాడు చెప్పులేసుకుని బయటికి నడుస్తాడు. ఎక్కడికి? తనని ఏమీ అడగని పాత స్నేహితుల దగ్గరికి.

ఇదంతా పొగరు అనుకుంటే మీరు తప్పు దారి పట్టినట్టే. ఇందులో చాలా భాగం లోపల క్షేమంగా ఉండటానికి వాడు నేర్చుకున్న అలవాట్లే. లోపల కాపాడిన అలవాటు బయట కొంప ముంచుతుంది, అది వాడికే తెలియదు. కింద రాసిందంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది. రాయడానికి సులువని "వాడు" అంటున్నాను, చాలా వరకు అమ్మాయిలకీ ఇదే వర్తిస్తుంది, తేడా ఉన్నచోట చెప్తాను.

రాకముందే చేయాల్సిన పనులు

విడుదలకి కనీసం రెండు మూడు వారాల ముందే హోమ్ వాళ్లని అడిగి కొన్ని కాగితాలు సిద్ధం చేయించుకోండి. విడుదల ఉత్తర్వు, అందులోని షరతుల పూర్తి కాపీ, లోపల చదివిన చదువుకి సర్టిఫికెట్లు, గుర్తింపు కాగితాలు, డాక్టర్ రాసిన వివరాలు, తర్వాత ఏ తేదీన ఎవరి ముందు హాజరవ్వాలో రాసిన కాగితం. విడుదల రోజు హడావిడిలో సంతకాలు పెట్టి వచ్చేస్తారు, తర్వాత ఒక్కో కాగితం కోసం నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. సర్టిఫికెట్ల మీద హోమ్ పేరు ఉందేమో చూసుకోండి. నిర్బంధంలో ఉన్న పిల్లల కోసం ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన నియమాలు (హవానా రూల్స్ అంటారు) ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి, లోపల ఇచ్చే చదువు సర్టిఫికెట్‌లో ఆ పిల్లాడు నిర్బంధంలో ఉన్నట్టు ఎక్కడా తెలియకూడదు. దేశాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి ఆ నియమం మీ దగ్గర నేరుగా అమలు కాకపోవచ్చు, కానీ మర్యాదగా అడగడానికి అదొక గట్టి ఆధారం.

మందుల సంగతి విడిగా చెప్పాలి. లోపల నిద్రకో, డిప్రెషన్‌కో, ఫిట్స్‌కో మందు వాడుతున్న పిల్లాడు బయటికొచ్చిన మర్నాడే అది అయిపోతే ఒంట్లోనూ మనసులోనూ గందరగోళం అవుతుంది, కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే ప్రమాదం కూడా. కొన్ని వారాలకి సరిపడా మందు, చీటీ చేతికి తీసుకోండి, బయట డాక్టర్ అపాయింట్‌మెంట్ విడుదలకి ముందే ఖాయం చేసుకోండి.

ఇంటిని కూడా సిద్ధం చేయాలి. వాడు ఎక్కడ పడుకుంటాడు, వాడి గది ఈలోపు తమ్ముడిదైపోతే ఏం చేస్తారు, ఇలాంటివి ముందే తేల్చుకోండి. "ఇన్నాళ్లూ ఎక్కడున్నాడు?" అని ఎవరైనా అడిగితే ఇంటిల్లిపాదీ చెప్పే మాట ఒకటే ఉండాలి, ఆ మాట ఏమిటో వాడే నిర్ణయించాలి. "కొన్నాళ్లు ఇంట్లో లేడు, ఇప్పుడు వచ్చాడు" అన్నంత చిన్న మాటైనా చాలు. చెల్లెలు ఒకటి చెప్పి, పిన్ని ఇంకోటి చెప్తే వాడికి ఎవరి ముందూ తలెత్తుకునే వీలుండదు.

వచ్చిన రోజు బంధువులందరినీ పిలవకండి. ప్రేమతోనే పిలుస్తారని తెలుసు. కానీ నెలల తరబడి ఎవరు తన వెనక నిలబడ్డారో గమనిస్తూ బతికిన పిల్లాడికి జనంతో నిండిన గది పండగలా ఉండదు.

లోపలి అలవాట్లు ఇంట్లో ఎలా కనిపిస్తాయి

లోపల పొద్దున లేవడం దగ్గర్నుంచి లైటు ఆర్పడం దాకా అన్నీ గంట ప్రకారం జరుగుతాయి. ఎప్పుడు తినాలో, ఎప్పుడు స్నానం చేయాలో, ఎప్పుడు మాట్లాడాలో వేరేవాళ్లు చెప్తారు. అలా ఉండి వచ్చిన పిల్లాడు మంచినీళ్లు తాగడానికి కూడా అనుమతి అడుగుతాడు, లేదంటే ఏ చిన్న నిర్ణయం తీసుకోమన్నా బిగుసుకుపోతాడు, "నీ ఇష్టం" అంటాడు. మీకది బద్ధకంలా కనిపిస్తుంది. కంచం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా తినేయడం, తలుపు వైపు చూస్తూ గోడకి ఆనుకుని కూర్చోవడం, తన వస్తువులు దాచుకోవడం, ఎవరైనా కళ్లలోకి చూస్తే అది సవాలు అనుకోవడం, ఏడుపొచ్చినా మొహం రాయిలా పెట్టుకోవడం, ఇవన్నీ మెత్తగా కనిపిస్తే దెబ్బ తింటామని తెలిసినచోట అలవడ్డవే.

వీటికి విరుగుడు ఉపన్యాసం కాదు. వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేయకండి. నిద్రలేపాలంటే గుమ్మం దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవండి, పట్టుకుని కుదపకండి, ఉలిక్కిపడి చెయ్యి విసిరితే అది మీ మీద కోపం కాదు. తలుపు కొట్టి లోపలికి వెళ్లండి. వాడి గది, సంచి తనిఖీ చేయాల్సి వస్తే వాడి ముందే చేయండి, ఎందుకో చెప్పి చేయండి. దొంగచాటుగా వెతికితే లోపలి గార్డుకీ మీకూ తేడా లేదని వాడికి రుజువైపోతుంది.

నిర్ణయాలు కొంచెం కొంచెంగా అప్పగించండి. మొదట్లో "ఏం చేద్దామనుకుంటున్నావు?" అనే పెద్ద ప్రశ్న వద్దు, దానికి వాడి దగ్గర జవాబు లేదు. "పొద్దున వెళ్దామా, సాయంత్రం వెళ్దామా?" లాంటి రెండు దారుల ప్రశ్నలు అడగండి. తర్వాత కొంచెం డబ్బు ఇచ్చి ఇంటికి కావాల్సిన వస్తువులు తెమ్మనండి, లెక్క తప్పితే తప్పనివ్వండి. రోజుకో టైమ్‌టేబుల్ మాత్రం మొదటి వారం నుంచే ఉండాలి. లేవడానికి, తినడానికి, పడుకోవడానికి ఒక వేళ, మధ్యలో చేయడానికి ఒకటి రెండు పనులు. గంట ప్రకారం నడిచిన జీవితం ఒక్కసారిగా ఖాళీ అయిపోతే ఆ ఖాళీలోకి ముందుగా వచ్చేది ఫోను, తర్వాత వచ్చేది పాత గుంపు.

నిద్ర కుదురుకోవడానికి వారాలు పట్టొచ్చు. లైటు వేసుకుని పడుకుంటే పడుకోనివ్వండి.

అడగడం, వినడం

"లోపల ఏం జరిగింది?" అని ఎదురుగా కూర్చోబెట్టి అడగొద్దు. విచారణలు వాడు ఇప్పటికే చాలా చూశాడు. పక్కపక్కన పని చేస్తున్నప్పుడు, బండి మీదో నడుస్తూనో వెళ్తున్నప్పుడు, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేని చోట పిల్లలు ఎక్కువ మాట్లాడతారు. మాట్లాడినప్పుడు మధ్యలో నీతి చెప్పకండి, అంతే.

లోపల తనని కొట్టారనో, లైంగికంగా వేధించారనో చెప్తే మొదటి మాట "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను" కావాలి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం ఒట్టు పెట్టకండి, ఎందుకంటే డాక్టర్‌కో లాయర్‌కో చెప్పాల్సి రావొచ్చు. ఎవరికి చెప్పబోతున్నారో ముందు వాడికి చెప్పండి. వాడు వాడిన మాటల్లోనే ఆ రోజే రాసి పెట్టుకోండి. అమ్మాయిల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి, హోమ్‌కి వెళ్లకముందే హింస అనుభవించిన పిల్లలు వాళ్లలో చాలామంది ఉంటారు, పారిపోయింది కూడా ఆ ఇంటి నుంచే కావొచ్చు. అలాంటప్పుడు "ఇంటికి తీసుకొచ్చేశాం" అనేది పరిష్కారం కాకపోగా ప్రమాదం కావొచ్చు, ఎక్కడ ఉంటుందో ఆ అమ్మాయిని విడిగా అడిగి నిర్ణయించాలి.

షరతుల క్యాలెండర్

చాలాచోట్ల విడుదలతో పాటు షరతులు ఉంటాయి: ప్రొబేషన్ ఆఫీసర్‌ని (విడుదలయ్యాక పిల్లాడు షరతులు పాటిస్తున్నాడో లేదో చూసే అధికారి) కలవడం, రాత్రి ఫలానా వేళకి ఇంట్లో ఉండటం, ఫలానా మనుషులతో మాట్లాడకపోవడం, కౌన్సెలింగ్‌కి వెళ్లడం. కొత్త నేరం ఏమీ చేయకుండానే, రెండు మూడు అపాయింట్‌మెంట్లు తప్పినందుకే మళ్లీ లోపలికి వెళ్లే పిల్లలు ఉంటారు. అన్నిటికంటే అనవసరంగా జరిగే నష్టం ఇదే, అందుకే దీని మీద కాస్త పట్టుదలగా ఉండండి.

ఉత్తర్వు తెచ్చుకుని, అర్థం కాని ప్రతి షరతునీ ఆఫీసర్‌ని గానీ లాయర్‌ని గానీ మామూలు భాషలో చెప్పమనండి. తేదీలన్నీ గోడ క్యాలెండర్‌లో రాయండి, ముందు రోజు సాయంత్రం ఫోన్‌లో అలారం పెట్టండి. ఎలా వెళ్లాలి, ఎవరు తోడెళ్తారు అనేది కూడా పక్కనే రాసుకోవాలి. బస్సు దొరకలేదు అన్న కారణం మీకు నిజం, ఫైల్లో మాత్రం అది "హాజరు కాలేదు" అని పడుతుంది. వెళ్లలేని పరిస్థితి వస్తే ముందే ఫోన్ చేయండి, ఏ రోజు, ఎన్నింటికి, ఎవరితో మాట్లాడారో రాసి పెట్టుకోండి. రాత్రి వేళల షరతుకీ దొరికిన పనికీ పొసగకపోతే షరతు మార్చమని అడగొచ్చు, అడక్కుండా తప్పడం కంటే అది ఎప్పుడూ మేలు.

ఇంకొకటి, ఇంట్లో ప్రతి గొడవకీ "ఆఫీసర్‌కి చెప్తా" అని బెదిరించకండి. నాలుగుసార్లు ఆ మాట వాడాక వాడికి నిజంగా ఇబ్బంది వచ్చిన రోజు ఆ ఆఫీసర్ దగ్గరికే వెళ్లడు. ఇంటి రూల్స్ మూడో నాలుగో చాలు, అవి వాడితో కూర్చుని రాయండి, తప్పితే ఏమవుతుందో కూడా అక్కడే రాయండి. పదిహేను రూల్స్ పెడితే అన్నీ పోతాయి.

భయపెడితే దారికొస్తాడా?

బంధువుల్లో ఒకరైనా ఈ సలహా ఇస్తారు, "పెద్ద జైలు ఎలా ఉంటుందో ఒకసారి చూపించండి, దెబ్బకి దారికొస్తాడు" అని. ఇది ఇప్పటికే చేసి చూశారు. అమెరికాలో 1970ల్లో న్యూజెర్సీలోని ఒక జైలుకి పిల్లల్ని తీసుకెళ్లి, యావజ్జీవ ఖైదీలతో అరిపించి, భయపెట్టి పంపేవాళ్లు. అది బాగా పేరు తెచ్చుకుంది, ఇంకా చాలాచోట్ల మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆంథనీ పెట్రొసినో అనే పరిశోధకుడి బృందం ఇలాంటి కార్యక్రమాల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, వెళ్లొచ్చిన పిల్లలు వెళ్లనివాళ్ల కంటే ఎక్కువగా నేరాలు చేసినట్టు తేలింది. అసలే లోపల ఉండి వచ్చినవాడికి భయం కొత్త కాదు, దాన్ని మొహం మీద కనిపించకుండా దాచడంలో వాడు ఇప్పటికే ఆరితేరి ఉంటాడు.

స్నేహితులు, ఫోను

"వాళ్లతో తిరగొద్దు" అని చెప్పడం సులువే, మరి ఎవరితో తిరగాలి? పాత వాళ్లని తీసేసి ఆ చోట ఏమీ పెట్టకపోతే రెండు వారాల్లో వాళ్లే తిరిగొస్తారు. వాడికి ముందు నుంచీ ఇష్టమైనదేదో ఒకటి పట్టుకోండి, ఆట కావొచ్చు, మెకానిక్ పని కావొచ్చు, డప్పు కావొచ్చు, కానీ అక్కడ కుదురైన పిల్లలు ఎక్కువగా ఉండాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. గొడవల్లో ఉన్న పిల్లలందరినీ ఒకచోట చేర్చి నడిపే గ్రూపుల విషయంలో ఆచితూచి అడుగేయండి. ఒకరి చెడ్డ మాటకి ఇంకొకరు నవ్వడం, ఆ నవ్వే వాళ్లకి బహుమతి కావడం, అలా ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం, ఇదంతా థామస్ డిషన్, ఆయన తోటి పరిశోధకులు 1999లోనే రాశారు. గ్రూపు బాగుందో లేదో తెలియాలంటే అక్కడ పెద్దవాళ్లు ఎంతమంది, నిజంగా గమనిస్తున్నారా అని చూడండి.

తప్పించుకునే మాటలు ముందే తయారు చేసి ఇవ్వండి. "మా నాన్న చంపేస్తాడు", "రేపు ఆఫీసర్ దగ్గరికి వెళ్లాలి, టెస్ట్ ఉంది" లాంటివి. గుంపులో పరువు పోకుండా బయటపడటానికి మీరే విలన్ అవ్వండి, ఫరవాలేదు. ఇద్దరికే తెలిసిన ఒక మాట పెట్టుకోండి, ఆ మెసేజ్ వస్తే మీరే ఫోన్ చేసి "వెంటనే ఇంటికి రా" అని అరవాలి. ఎందుకని ఆ రాత్రి అడగకూడదు.

బాకీయో, పాత కక్షో ఉండి ఎవరైనా బెదిరిస్తుంటే అది ఇంట్లోనే సర్దుకునే విషయం కాదు, లాయర్‌కి, ఆఫీసర్‌కి చెప్పండి. వేరే ఊళ్లో బంధువుల దగ్గరికి పంపాలన్నా ముందు ఉత్తర్వు అనుమతిస్తుందో లేదో చూసుకోవాలి. కేసు గురించి, లోపలి రోజుల గురించి సోషల్ మీడియాలో ఏదీ పెట్టొద్దు, మీరు కూడా. పాత ఫోటోలు ఒకసారి కలిసి కూర్చుని చూసుకోండి. వాటిలో కేసుకి సంబంధం ఉన్నది ఏదైనా కనిపిస్తే తీసేసే ముందు లాయర్‌ని అడగండి.

చదువు

స్కూలు మళ్లీ తెరుచుకునే రోజు కోసం ఎదురుచూడకండి, విడుదలకి ముందే వెళ్లి మాట్లాడండి. వెళ్లినప్పుడు "వీడికి ఏ ఇబ్బంది వచ్చినా వచ్చి చెప్పుకోవడానికి ఒక టీచర్ కావాలి" అని అడగండి, ఒక్కరు చాలు. కేసు సంగతి ఎవరికి తెలియాల్సిన అవసరం ఉందో వాళ్లకే తెలియాలి, స్టాఫ్ రూమ్ మొత్తానికి కాదు. చేర్చుకోవడం కుదరదంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమనండి. కాగితం అడిగేసరికి చాలామంది స్వరం మారుతుంది.

రెండేళ్లు వెనకబడ్డ పదహారేళ్ల పిల్లాణ్ని పద్నాలుగేళ్ల పిల్లల మధ్య కూర్చోబెడితే వాడు ఎంతోకాలం కూర్చోడు. ఓపెన్ స్కూలు, సాయంత్రం తరగతులు, చేతిపని నేర్పే కోర్సులు, సగం రోజు బడి సగం రోజు పని, మీ దగ్గర ఏది ఉంటే అది చూడండి. ఇంకా ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి, చదవడం నిజంగా వచ్చో రాదో చూడండి. చదవలేకపోవడాన్ని అల్లరితో కప్పిపుచ్చుకున్న పిల్లలు ఈ హోముల్లో చాలామందే ఉంటారు, వాళ్లని ఏళ్ల తరబడి ఎవరూ పరీక్షించి ఉండరు.

పని

అమెరికాలోని బోస్టన్ ప్రాంతం నుంచి వచ్చి, 1930లు, 40ల్లో బాల నేరస్తుల గృహాల్లో ఉన్న 500 మంది అబ్బాయిల వివరాలు షెల్డన్, ఎలినార్ గ్లూక్ అనే పరిశోధక దంపతులు సేకరించి పెట్టారు. దశాబ్దాల తర్వాత రాబర్ట్ శాంప్సన్, జాన్ లౌబ్ అనే పరిశోధకులు ఆ వివరాలు మళ్లీ తీసి, ఆ మనుషులకి 70 ఏళ్లు వచ్చేదాకా ఏమైందో వెతికారు. నేరాలు మానేసినవాళ్ల కథల్లో మళ్లీ మళ్లీ కనిపించినవి స్థిరమైన పని, నిలబడిన పెళ్లి, సైన్యంలో ఉద్యోగం లాంటివి. అంటే రోజూ ఒక చోటికి వెళ్లాల్సి రావడం, తను రాకపోతే గమనించే మనిషి ఉండటం. కాబట్టి మొదటి పనికి జీతం ఎంత అని కాకుండా యజమాని ఎలాంటివాడు అని చూడండి. వయసుకి చట్టం ఒప్పుకునే పనేనా అని కూడా.

"నీ మీద కేసు ఉందా?" అనే ప్రశ్నకి జవాబు ఇంట్లోనే తయారవ్వాలి. చాలా దేశాల్లో మైనర్‌గా జరిగింది చెప్పాల్సిన అవసరం ఉండదు, కొన్నిటిలో కొన్ని ఉద్యోగాలకి చెప్పాలి. ఫారంలో అడిగిన మాట ఖచ్చితంగా దేని గురించో లాయర్‌ని అడిగి తెలుసుకోండి. అబద్ధం చెప్తే తర్వాత దాని మీదే ఉద్యోగం పోతుంది, అడగనిది కూడా చెప్పేస్తే ఇంటర్వ్యూ అక్కడే అయిపోతుంది. చెప్పాల్సిందే అయితే మూడు వాక్యాలు చాలు: చిన్నప్పుడు ఒక తప్పు జరిగింది, దానికి పడిన శిక్ష పూర్తయింది, అప్పట్నుంచి ఇదిగో ఇది చేస్తున్నాను. ఈ మూడూ అద్దం ముందు కాదు, మనిషి ముందు చెప్పించి అలవాటు చేయండి.

జారితే

జారతాడు. ఒకరోజు రాత్రి ఆలస్యంగా వస్తాడు, ఒకరోజు తాగొస్తాడు, ఒకరోజు బడి మానేస్తాడు. దేనికి ఎంత అని మీ మనసులో ముందే మెట్లు వేసుకోండి: ఇంట్లో మాట్లాడేవి కొన్ని, ఆఫీసర్‌కి మీరే వెళ్లి చెప్పేవి కొన్ని, వెంటనే డాక్టర్‌నో లాయర్‌నో పిలిచేవి కొన్ని. అన్నిటికీ ఒకే ఎత్తున అరిస్తే వాడికీ చిన్న తప్పుకీ పెద్ద తప్పుకీ తేడా తెలియదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ నగరాల్లో తీవ్రమైన నేరాలు చేసిన 1,354 మంది పిల్లల్ని ఏడేళ్ల పాటు గమనించిన అధ్యయనం ఒకటుంది. అందులో ఎక్కువ మంది కాలం గడిచేకొద్దీ నేరాలు బాగా తగ్గించేశారు, లోపల ఎక్కువ నెలలు ఉంచినందువల్ల అదనంగా లాభమేమీ కనిపించలేదు. ఒక్కసారి జారినంత మాత్రాన "వీడింతే" అనే నిర్ణయానికి రాకండి.

మత్తుమందు అలవాటున్న పిల్లాడైతే ఇది తప్పక తెలుసుకోవాలి. లోపల వాడకుండా ఉన్నన్నాళ్లలో ఒళ్లు తట్టుకునే శక్తి పడిపోతుంది, బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోవచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన పెద్ద ఖైదీల మీద 2007లో వచ్చిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో చనిపోయే ప్రమాదం మామూలు జనం కంటే 12 రెట్లకి పైగా ఉంది, ప్రధాన కారణం అధిక మోతాదే. ఈ మాట వాడికి సూటిగా చెప్పండి, సిగ్గుపడి దాచకండి.

"నేను లేకపోతేనే మీకు హాయి" అనడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, చేతుల మీద గాయాలు కనిపించడం, ఇవి కనిపిస్తే ఆరా తీయడానికి ఆగొద్దు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, మందులు, పదునైనవి అందకుండా పెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

వాడి వల్ల నష్టపోయినవాళ్లు పక్క వీధిలోనే ఉంటే

మంచి మనసుతోనే అయినా వాడిని తీసుకెళ్లి వాళ్ల గుమ్మం ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించకండి. కలవకూడదని ఉత్తర్వు ఉంటే అది దాన్ని మీరినట్టవుతుంది, ఉత్తర్వు లేకపోయినా ఆ ఇంటివాళ్లకి మళ్లీ గాయం రేగుతుంది. ఆఫీసర్ ద్వారా అడిగి, వాళ్లు ఒప్పుకుంటే, మధ్యవర్తి ఉన్న చోట కలవాలి. వద్దంటే అక్కడితో వదిలేయాలి.

గడువు ముగిసిన రోజు

షరతుల గడువు పూర్తయ్యాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. కేసు ముగిసినట్టు ధ్రువీకరించిన కాపీ ఒకటి తీసుకోండి. తర్వాత లాయర్‌ని మూడు ప్రశ్నలు అడగండి: ఈ రికార్డు దానంతటదే మూసేస్తారా, మనం అర్జీ పెట్టుకోవాలా, పూర్తిగా చెరిపేయడానికి ఎన్నాళ్లు ఆగాలి. పైన చెప్పిన 1990 నియమాలు విడుదలతోనే రికార్డు మూసేయాలని, తగిన సమయంలో చెరిపేయాలని అంటాయి, ఆచరణలో మాత్రం ఎవరో ఒకరు వెంటపడితే గానీ కదలదు. అర్జీ పెట్టాల్సి వస్తే ఆ తేదీ కూడా అదే క్యాలెండర్‌లో రాయండి, ఆ రోజు వాడినే వెళ్లి సంతకం పెట్టమనండి.